ఢిల్లీ టూర్‌కి నేను సరే అన్నాను, వాళ్ళ నాన్న సంతకం పెట్టనంటున్నారు

పటమట_అమ్మ
మా పాప ఎనిమిదో తరగతి, బెజవాడలో చదువుతోంది. నేనూ వాళ్ళ నాన్నా విడిపోయి మూడేళ్ళు దాటింది. పాప నా దగ్గరే ఉంటుంది, ఆయన గుంటూరులో ఉంటారు. నెలకి రెండు శని, ఆదివారాలు పాప ఆయన దగ్గరికి వెళ్తుంది. శనివారం పొద్దున్నే వారధి దగ్గర దింపుతాను, ఆయన బండి మీద వచ్చి తీసుకెళ్తారు. ఆదివారం సాయంత్రం మళ్ళీ అక్కడే. ఇన్నాళ్ళూ గొడవ లేకుండా నడిచింది.

ఇప్పుడు స్కూలు వాళ్ళు డిసెంబరు 20 నుంచి 28 దాకా ఢిల్లీ, జైపూర్, ఆగ్రా టూర్ పెట్టారు. రైలు, హోటలు, తిండి అన్నీ కలిపి 18 వేలు. ఫారం మీద తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను పెట్టాను. ఆయన పెట్టనంటే పెట్టనంటున్నారు. పాపకి చిన్నప్పటి నుంచి వీజింగ్, అంటే ఆయాసం ఉంది, అదీ ఆయన చెప్పే కారణం. పోయిన మార్చిలో గుంటూరులో ఉన్నప్పుడు మిర్చి యార్డు వైపు నుంచి వచ్చిన ఘాటుకి రాత్రంతా దగ్గింది. "ఊళ్ళో మిర్చి ఘాటుకే తట్టుకోలేని పిల్లని ఢిల్లీ పొగలోకి తోస్తావా" అని మెసేజ్ పెట్టారు.

నాకేమో ఇది పాప ఆరోగ్యం గొడవ కాదనిపిస్తోంది. నేను సరే అన్నాను కాబట్టి ఆయన కాదంటున్నారు. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన వారం ఒకటి పోతుంది, అదీ ఉంది. శుక్రవారం లోపు ఫారం ఇవ్వాలి. పాప అప్పుడే ఫ్రెండ్స్‌తో ఎవరికి ఏ బెర్తో పంచేసుకుంది. ఆయన సంతకం లేకుండా పంపే దారి ఉందా?

బందరు_రోడ్డు
డబ్బు ఎవరు కడుతున్నారు? చాలా ఇళ్ళలో అసలు పేచీ అక్కడే ఉంటుంది.

పటమట_అమ్మ
చెరి సగం అనుకున్నాం. ఇప్పుడు మొత్తం నేనే కడతానన్నా ఒప్పుకోవడం లేదు. స్కూలు ఫీజు ఆయన నెల తప్పకుండా పంపుతారు, ఆ మాట ఒప్పుకోవాలి.

కృష్ణలంక_కుర్రోడు
అక్కా, సంతకం మీరే గీకేయండి. స్కూల్లో పోల్చి చూసేదెవరు? ఫారాలు కట్ట కట్టి బీరువాలో పడేస్తారు.

నల్లకోటు
ఆ పని మాత్రం చేయకండి. వేరేవాళ్ళ సంతకం పెట్టడం ఫోర్జరీ. టూర్ సజావుగా జరిగితే ఎవరికీ తెలియకపోవచ్చు. దారిలో పాపకి ఏదైనా అయితే మొదట బయటికి తీసేది ఆ ఫారమే. రేపు పాప ఎవరి దగ్గర ఉండాలన్న విషయం మళ్ళీ కోర్టుకొస్తే ఆ ఒక్క కాగితం మీకు ఎదురు తిరుగుతుంది.

మీ విడాకులు పరస్పర అంగీకారంతో జరిగాయా? అయితే అప్పుడు రాసుకున్న షరతులు తీసి చదవండి. ఊరు దాటి తీసుకెళ్ళాలంటే రెండో వాళ్ళకి చెప్పాలనో, కోర్టు అనుమతి కావాలనో ఉంటుంది కొన్నిట్లో.

పటమట_అమ్మ
@నల్లకోటు అవునండి, పరస్పర అంగీకారమే. ఇప్పుడే తీసి చూశాను. నెలకి రెండు వారాంతాలు, పండగ సెలవుల్లో సగం ఆయన దగ్గర. పాప చదువు, వైద్యం విషయాలు ఇద్దరం మాట్లాడుకుని నిర్ణయించాలి అని ఉంది. టూర్ల ఊసు లేదు. చట్టం ప్రకారం తల్లి దగ్గర ఉన్న పిల్లకి తల్లి మాటే కదా చెల్లేది?

నల్లకోటు
అంత సూటిగా లేదండి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరో సెక్షన్‌లో సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అని రాసి ఉంది. రిజర్వు బ్యాంకు బాండ్ల దగ్గర మొదలైన ఒక కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ 'తర్వాత' అన్న మాటని విప్పి చెప్పింది. తండ్రి చనిపోయాక అని ఒక్కటే అర్థం కాదు, తండ్రి పట్టించుకోకపోయినా, అందుబాటులో లేకపోయినా తల్లే సంరక్షకురాలు అంది. మీ విషయంలో ఆయన ఫీజు కడుతున్నారు, వారం తప్పకుండా వస్తున్నారు. పట్టించుకోని తండ్రి అని మీరు అనలేరు. అదే చట్టంలో 13వ సెక్షన్ పిల్ల క్షేమమే అన్నిటికన్నా ముఖ్యం అంటుంది. జడ్జిగారు చూసేది దాన్నే.

హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద, విడాకులు అయిపోయాక కూడా పిల్లల విషయంలో పిటిషన్ వేసుకోవచ్చు. కానీ నోటీసు వెళ్ళాలి, ఆయన కౌంటర్ వేయాలి. శుక్రవారం లోపు తేలే పని కాదు. మధ్యవర్తి కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా సాయం చేస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నన్నడిగితే మాత్రం అంత దూరం వెళ్ళకముందే ఒక ఫోన్ కాల్ చేయండి అంటాను.

బ్రాడీపేట_నాన్న
నేను కూడా గుంటూరే, నేను కూడా వారాంతపు నాన్ననే. అందుకే ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆయనకి ఈ టూర్ సంగతి ఎప్పుడు తెలిసింది? ఎవరు చెప్పారు?

పటమట_అమ్మ
పాప చెప్పింది, పోయిన వారం. అప్పటికి నేను సంతకం పెట్టి మొదటి వాయిదా కట్టేశాను.

బ్రాడీపేట_నాన్న
అదండీ సంగతి. స్కూలు వాట్సాప్ గ్రూపులో నా నంబరు లేదు. ప్రోగ్రెస్ కార్డు, స్పోర్ట్స్ డే, పేరెంట్స్ మీటింగు, అన్నీ మావాడి నోటి నుంచే నాకు తెలుస్తాయి, అదీ వాడికి గుర్తుంటేనే. పోయినేడు వాడికి కళ్ళజోడు వచ్చింది. ఆ శనివారం బస్సు దిగుతుంటే చూశాను. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. కొడుకుని గుర్తుపట్టడానికి ఆ క్షణం పట్టడం ఎలా ఉంటుందో రాయలేను.

నెలకి నాలుగు రోజులు. అందులో రెండు పోతున్నాయని మనకి సంబంధం లేకుండా ఎవరో నిర్ణయించేశాక, మన చేతికి ఒక ఫారం ఇచ్చి సంతకం పెట్టమంటే చేయి ఆడదు. ఆయన చెప్పే ఆయాసం కారణం నిజమే అయ్యుంటుంది, ఇదీ నిజమే అయ్యుంటుంది. రెండూ ఒకే మనిషిలో ఉంటాయి.

మొగల్రాజపురం_కొండ
@బ్రాడీపేట_నాన్న మీ బాధ అర్థమైంది. కానీ నెలలో ఇరవై ఆరు రోజులు హోంవర్కులు, జ్వరాలు, యూనిఫాం ఉతుకుళ్ళు మోసేది ఆమె. చిన్న చిన్న నిర్ణయాలు ప్రతిదీ అడిగి చేయాలంటే ఆ ఇల్లు నడవదు. నేను పదకొండేళ్ళుగా ఒంటరిగా ఇద్దర్ని పెంచుతున్నా, తెలిసి చెబుతున్నా.

బ్రాడీపేట_నాన్న
ఉతుకుళ్ళకి నన్ను అడగక్కర్లేదండి. 1,750 కిలోమీటర్ల ప్రయాణం చిన్న నిర్ణయం కాదు.

తెనాలి_తాతయ్య
2014 జూన్ 8 అందరూ మర్చిపోయినట్టున్నారు. హైదరాబాద్ నుంచి టూర్ వెళ్ళిన ఇంజనీరింగ్ పిల్లలు ఇరవై నలుగురు హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఫోటోలు దిగుదామని నదిలో దిగారు, పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు. పెద్ద పిల్లలు వాళ్ళు. పదమూడేళ్ళ ఆడపిల్లని అంత దూరం ఎందుకమ్మా పంపడం? నా ఓటు వాళ్ళ నాన్నకే.

ఉండవల్లి_గుహ
నాదీ అదే మాట. అమరావతి మ్యూజియం చూపించారా? నాగార్జునకొండ చూపించారా? కొండపల్లి కోట? మన పక్కన ఉన్నవి వదిలేసి ఎర్రకోట ముందు సెల్ఫీలకి 18 వేలు.

కృష్ణలంక_కుర్రోడు
@ఉండవల్లి_గుహ అన్నా, పిల్లలు వెళ్ళేది కోట కోసం కాదు, రైల్లో ఫ్రెండ్స్‌తో రాత్రంతా కబుర్లు చెప్పుకోవడానికి. మేం టెన్త్‌లో మైసూరు వెళ్ళాం. ప్యాలెస్ ఎట్టా ఉందో గుర్తులేదు. మావాడు తెచ్చిన పులిహోర డబ్బా కంపార్ట్‌మెంట్ మొత్తం తిన్నది మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటాం.

బ్లూపంపు_అమ్మ
మా బాబుకి ఆస్తమా, ఇప్పుడు పదహారేళ్ళు. పోయినేడు డిసెంబరులో చుట్టాల పెళ్ళికి ఢిల్లీ తీసుకెళ్ళాను. పొద్దున ఏడింటికి నిజాముద్దీన్‌లో దిగాం. ఎక్కడో టైరు కాలుతున్నట్టు వాసన. సూర్యుడు ఉన్నాడు గానీ గుడ్డ వెనక దీపంలాగా ఉన్నాడు. ఆటో ఎక్కేలోపే వాడు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. రెండో రోజు రాత్రి మూడింటికి లేచి కూర్చున్నాడు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకోవడం చూసి నా కాళ్ళు ఆడలేదు. ఇన్‌హేలర్ పంపుని స్పేసర్‌కి, అంటే మందు పీల్చుకునే ప్లాస్టిక్ గొట్టానికి తగిలించి ఇచ్చాను. కాసేపటికి సర్దుకుంది, తెల్లారి డాక్టరుకి చూపించాం.

కాబట్టి పటమట అమ్మగారూ, ఢిల్లీ గాలి గురించి ఆయన చెప్పేది సాకు కాదు. చలికాలంలో అక్కడ గాలి కదలదు, పొగంతా కిందే నిలబడిపోతుంది. 2024 నవంబరులో గాలి మరీ పాడై అక్కడి బడులకే ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ 'సమీర్' యాప్ వేసుకుని రోజూ చూడండి. అందులో గాలి నాణ్యత అంకె 50 లోపు ఉంటే మంచి గాలి, 300 దాటితే చాలా చెడ్డది, 400 దాటితే ఆరోగ్యవంతులకే ఇబ్బంది.

పంపకూడదని నేను అనడం లేదు. మావాడు ఆ తర్వాత పెళ్ళిలో డాన్సు చేశాడు. కానీ ముందు ఒకటి చెప్పండి. మీ పాప రోజూ వాడే కంట్రోలర్ పంపు వాడుతోందా, లేక ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే బ్లూ పంపు ఒక్కటేనా?

పటమట_అమ్మ
బ్లూ పంపు ఒక్కటే. రోజూ వాడేది ఇంతకుముందు ఉండేది. బాగానే ఉందని ఏడాది క్రితం ఆపేశాం. స్కూలు బ్యాగులో పంపు ఎప్పుడూ ఉంటుంది.

బ్లూపంపు_అమ్మ
డాక్టరు ఆపమన్నారా, మీరే ఆపేశారా?

పటమట_అమ్మ
మేమే. అంటే నేనే.

బ్లూపంపు_అమ్మ
తిట్టడానికి అడగలేదమ్మా, నేనూ ఒకసారి అలాగే ఆపి దెబ్బతిన్నాను. బ్లూ పంపు ఆ పూట మూసుకున్న దారి తెరుస్తుంది, అంతే. లోపల వాపు తగ్గించేది రోజూ వాడే పంపే, దానికి వారాలు పడుతుంది. రైలెక్కే ముందు రోజు మొదలుపెడితే లాభం లేదు. ఇంకా నెల పైన టైముంది కదా, ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాస్కు కూడా మామూలు నీలం మాస్కు పనికిరాదు, ముఖానికి అతుక్కునే ఎన్-95 కావాలి.

సత్యనారాయణపురం_రైలు
రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ ఎక్కితే ఢిల్లీకి ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా పోతాయి. డిసెంబరు చివర్లో పొగమంచుకి ఉత్తరాదిలో బళ్ళు గంటల తరబడి లేటవుతాయి. తిరుగు ప్రయాణంలో అదనంగా ఒక పూట తిండి, మందులు పెట్టుకోవాలి. రైల్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే 139కి ఫోన్ చేస్తే వచ్చే పెద్ద స్టేషన్‌లో డాక్టరుని ఏర్పాటు చేస్తారు. ఇంకో మాట, విజ్ఞాన యాత్రకి వెళ్ళే విద్యార్థులకి స్లీపర్‌లో రాయితీ ఉంది. స్కూలు వాళ్ళు అది వాడుకున్నారో లేదో అడగండి.

రిటైర్డ్_హెచ్చెమ్
ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో పిల్లల్ని పన్నెండు సార్లు టూర్లకి తీసుకెళ్ళాను. ఒకసారి నాగపూర్‌లో ఒక కుర్రాడు నీళ్ళ బాటిల్ నింపుకోవడానికి చెప్పకుండా దిగాడు. బండి కదిలింది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫాం మీద పరిగెత్తుకొస్తున్నాడు, చేతిలో బాటిల్ ఇంకా వదల్లేదు. మా పీఈటీ మాస్టారు చైన్ లాగారు. వాణ్ణి ఎక్కించాక నేను బాత్రూంలోకి వెళ్ళి అయిదు నిమిషాలు తలుపు వేసుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి స్టేషన్‌లో తలుపు దగ్గర ఒక టీచరు నిలబడాల్సిందే.

తెనాలి తాతయ్యగారు చెప్పిన బియాస్ ఘటన తర్వాత ఇంకో నియమం పెట్టుకున్నాను. కాగితం మీద లేని చోట బస్సు ఆపకూడదు, డ్రైవరు ఎంత బాగుంటుందన్నా సరే. అమ్మా, మీరు స్కూలుని ఇవి అడగండి. ఎంతమంది పిల్లలకి ఒక టీచరు? ఆడ టీచర్లు ఎంతమంది, రాత్రి ఏ గదిలో పడుకుంటారు? మందులు ఎవరి దగ్గర ఉంటాయి? పాప పంపు మాత్రం పాప జేబులోనే ఉండాలి. టీచరు బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు బస్సు డిక్కీలో పెట్టిన సందర్భం నేను చూశాను.

మెడలో వేసే కార్డు మీద మామూలుగా ఒకే ఫోన్ నంబరు రాస్తారు. మీ ఇద్దరివీ రాయించండి. అర్ధరాత్రి ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు ఎత్తుతారు.

బందరు_రోడ్డు
ఇన్ని మాట్లాడుకున్నాం, అసలు పాప ఏమంటోంది?

పటమట_అమ్మ
వెళ్ళాలనే ఉంది. నిన్న రాత్రి మాత్రం "వద్దులే అమ్మా, నాకంత ఇంట్రెస్ట్ లేదు" అంది. అలిగిందనుకున్నాను.

ఆ_రోజుల_పిల్ల
ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఆ ఒక్క వాక్యం చూసి రాయాలనిపించింది.

మా అమ్మానాన్నా నాకు పదకొండేళ్ళప్పుడు విడిపోయారు. మాది పొన్నూరు దగ్గర. తొమ్మిదో తరగతిలో ఊటీ టూర్ వచ్చింది. అమ్మ పంపుతానంది, నాన్న వద్దన్నారు. ఆర్నెల్లుగా సద్దుమణిగిన గొడవ మళ్ళీ మొదలైంది. మామయ్యలు, బాబాయిలు ఫోన్ల మీద ఫోన్లు. ఎవరి నోట్లో చూసినా నా పేరే, కానీ నన్ను పిలిచి కూర్చోబెట్టినవాళ్ళు లేరు. నాలుగో రోజు నేనే చెప్పేశాను, నాకు ఇంట్రెస్ట్ లేదు, వెళ్ళను అని. ఇల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయింది. 'చూశావా, దానికే వద్దట' అని నాన్న గెలిచారు. 'నీ వల్లే' అని అమ్మ ఇంకో ఏడాది అంటూనే ఉంది. ఫ్రెండ్స్ బస్సెక్కిన రోజు నేను కడుపునొప్పని పడుకున్నాను.

ఇప్పుడు నాకు ముప్పై నాలుగు. ఊటీ తర్వాత రెండు సార్లు చూశాను. బాధ ఊటీ గురించి కాదు. నాకేం కావాలో చెబితే ఎవరో ఒకరు ఓడిపోతారు అన్న లెక్క ఆ వారంలో నేర్చుకున్నాను. ఆ లెక్క మర్చిపోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. మీ పాప అలగలేదండి. మీ ఇద్దరి మధ్య గొడవ ఆపుతోంది.

మొగల్రాజపురం_కొండ
చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

బ్రాడీపేట_నాన్న
నేనూ.

సింగ్‌నగర్_మూడోవీధి
మాదీ వేరు కాపురమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. నేనూ ఇద్దరు పిల్లలూ రెండు రోజులు మేడ మీదే. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయే ముందు ఆఖరి కాల్ పిల్లల నాన్నకి చేశాను, అప్పటికి మాటలు ఆగి ఎనిమిది నెలలు. ఆయన ట్రాక్టరు దొరికిన చోటిదాకా ట్రాక్టరు మీద, అక్కడి నుంచి నడుచుకుంటూ పాల ప్యాకెట్లు తలమీద పెట్టుకుని వచ్చారు. మళ్ళీ కలిసిపోయామని కథ చెప్పడం లేదు, విడిగానే ఉన్నాం. కానీ ఆ రోజు నుంచి పిల్లల సంగతి ఏదున్నా మెసేజ్ పెట్టను, ఫోన్ చేసి గొంతుతో చెబుతాను. మెసేజ్‌లో ప్రతి మాటా దెప్పినట్టే కనిపిస్తుంది.

పటమట_అమ్మ
ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. ఆ పోస్టు చదివి పాప పుస్తకాల బ్యాగు తీశాను, టూర్ ఫారం కోసం. సోషల్ పుస్తకంలో నాలుగు మడతలు పెట్టి ఉంది. తండ్రి సంతకం అన్న చోట పెన్సిల్‌తో ఏదో రాసి చెరిపినట్టుంది. అక్కడ కాగితం పల్చబడిపోయింది. రఫ్ నోట్ వెనక పేజీ తిప్పితే వాళ్ళ నాన్న సంతకం, ఒకదాని కింద ఒకటి, పదకొండు సార్లు. మొదటివి వంకరగా ఉన్నాయి. ఆఖరిది చూస్తే నేను కూడా ఆయనదే అనుకుంటాను.

పదమూడేళ్ళది. రాత్రి నా పక్కనే పడుకుని 'వద్దులే' అంది.

కృష్ణలంక_కుర్రోడు
అక్కా, నేను మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏదో తేలిగ్గా అనేశాను. తప్పయింది.

రిటైర్డ్_హెచ్చెమ్
అమ్మా, ఆ పేజీ గురించి పాపని నిలదీయకండి. చింపనూ చింపకండి. ముందు వాళ్ళ నాన్నకి ఫోన్ చేయండి.

పటమట_అమ్మ
మూడు రోజులైంది, జరిగింది చెప్పాలి కదా.

ఆ రాత్రే ఫోన్ చేశాను. ముందు, మీకు చెప్పకుండా డబ్బు కట్టడం నా తప్పు అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రఫ్ నోట్ సంగతి చెప్పాను. "రేపు సెలవు పెడతాను, డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం" అన్నారు.

ఆసుపత్రిలో ఒకే బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం, పాప మధ్యలో. ఇద్దరి మోకాళ్ళ మీదా చెరో చేయి పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ గొట్టం లాంటిది ఇచ్చి మూడు సార్లు ఊదించారు. తర్వాత పంపు ఎలా వాడతావో చూపించు అన్నారు. పాప ఊపకుండా నోట్లో పెట్టుకుని, కొట్టుకుని, వెంటనే గాలి వదిలేసింది. ఇన్నేళ్ళుగా సగం మందు గాల్లోకే పోతోంది. నేను కూడా ఎప్పుడూ దగ్గరుండి చూడలేదు.

ఆఖరిసారి ఆయాసం ఎప్పుడొచ్చింది అని అడిగారు. మార్చిలో అన్నాను. కాదు, ఆగస్టులో అన్నారు ఆయన. గుంటూరులో ఒక రాత్రి వచ్చిందట, అమ్మ కంగారు పడుతుంది చెప్పొద్దు అందట పాప. నాకు ఒళ్ళు మండింది. అంతలోనే గుర్తొచ్చింది. సెప్టెంబరులో జలుబు చేసి మూడు రోజులు బడి మానేసింది, పంపు రోజుకి నాలుగు సార్లు వాడింది. 'నాన్నకి చెప్పకమ్మా, టూర్‌కి పంపరు' అంది, నేను చెప్పలేదు. డాక్టరమ్మ ఆయన్నీ నన్నూ చూసి, రెండూ ఒకే కాగితం మీద రాసుకున్నారు.

రోజూ వాడే పంపు మళ్ళీ మొదలైంది, స్పేసర్‌తో. మూడు వారాల తర్వాత మళ్ళీ చూస్తారు, ఊదుడు బాగుంటే వెళ్ళొచ్చన్నారు. ఆ వారం జలుబు గానీ ఆయాసం గానీ ఉంటే మాత్రం ప్రయాణం వద్దన్నారు. పాప నా వైపూ ఆయన వైపూ చూడకుండా డాక్టరమ్మనే అడిగింది, "బాగుంటే నిజంగా వెళ్ళొచ్చా?" అని.

బ్లూపంపు_అమ్మ
ఆ గొట్టం పేరు పీక్ ఫ్లో మీటర్, మందుల షాపులో దొరుకుతుంది. రెండు కొనండి, రెండిళ్ళలోనూ ఒకటి. రోజూ ఊదిన అంకె ఒకే పుస్తకంలో రాసి, ఆ పుస్తకం పాపతో పాటు అటూ ఇటూ తిరిగేలా చూడండి.

నల్లకోటు
స్కూలుకి ఇచ్చే ఉత్తరంలో డాక్టరు చీటీ జతచేసి, ఏ పరిస్థితిలో ఏం చేయాలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టండి. స్కూలు వాళ్ళ దగ్గర ఒక కాపీ మీద అందినట్టు రాయించుకోండి. వాళ్ళ నాన్న నంబరు కూడా గ్రూపులో చేర్చమని అదే ఉత్తరంలో అడగండి.

పటమట_అమ్మ
గ్రూపులో నిన్ననే చేర్చారు. ఉత్తరం ఆయనే రాస్తున్నారు, నాకంటే ఆయన చేతిరాత బాగుంటుంది. ఫారం సోమవారం దాకా ఆగుతామన్నారు స్కూలు వాళ్ళు. పోయే వారానికి బదులు భోగి, సంక్రాంతి రెండు రోజులూ పాప గుంటూరులో ఉంటుంది, అది నేనే చెప్పాను.

తెనాలి_తాతయ్య
నాకింకా మనసొప్పడం లేదమ్మా. కానీ ఇద్దరూ కలిసి అనుకున్నారు కాబట్టి ఇక వద్దనను. చెవులకి మఫ్లర్ కట్టి పంపు. ఊలుది, నూలుది కాదు.

బ్రాడీపేట_నాన్న
నిన్న నేను కూడా మావాడి స్కూలుకెళ్ళి నా నంబరు రాయించి వచ్చాను. అడిగితే అయిదు నిమిషాల పని. ఇన్నాళ్ళూ ఎవరో చేరుస్తారని చూస్తూ కూర్చున్నాను.

పటమట_అమ్మ
ఫారం ఇచ్చేశాం. వారధి దగ్గర ఆయన బండి సీటు మీద పెట్టుకుని సంతకం పెట్టారు. చెరిపిన చోట కాగితం చిరుగుతుందని పెన్ను నొక్కకుండా, నెమ్మదిగా. పాప పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూసింది. ఆ పదకొండు సంతకాల గురించి ఆయనా ఏమీ అనలేదు, నేనూ అనలేదు.

ఇక సర్దుడు సంగతి. ఎన్-95లు, స్పేసర్, రెండు బ్లూ పంపులు, మఫ్లర్ రాసుకున్నాను. ఇంకేమైనా మర్చిపోయానా?

సత్యనారాయణపురం_రైలు
వేడినీళ్ళ ఫ్లాస్కు. పంపు ఒకటి జేబులో, రెండోది బ్యాగులో. రెండూ ఒకే చోట పెట్టకండి.

రిటైర్డ్_హెచ్చెమ్
ఆగ్రా ఏ రోజు పెట్టారు?

పటమట_అమ్మ
26న మాస్టారూ. 27న తిరుగు రైలు.

రిటైర్డ్_హెచ్చెమ్
20 శనివారం అయితే 26 శుక్రవారం అవుతుంది. శుక్రవారం తాజ్‌మహల్ మూసేస్తారమ్మా. అంత దూరం వెళ్ళి పిల్లలు గేటు చూసి వచ్చేస్తారు. స్కూలు వాళ్ళకి ఇప్పుడే చెప్పండి, బుకింగులు అయిపోకముందే.

పటమట_అమ్మ
అయ్యో, అవును! గ్రూపులో పెడదామని తెరిచాను. వాళ్ళ నాన్న అప్పటికే అడిగి ఉన్నారు, పది నిమిషాల క్రితం.